కొత్త స్టాళ్లు రానివ్వండి, పాత సామాన్ల వరసని మాత్రం కదపకండి

ఫ్లీ మార్కెట్ అనండి, పాత సామాన్ల సంత అనండి, పేటలో అలాంటిదొకటి నడుస్తుంటే కొన్నాళ్లకోసారి "ఈసారి కొత్త స్టాళ్లు వస్తున్నాయి" అన్న ప్రకటన తప్పకుండా వస్తుంది. అది చదివినప్పుడల్లా నేను మొదట చేసే పని ఆ జాబితాని రెండుగా విడదీయడం. అక్కడే తినేసి వెళ్లిపోయేవి ఎన్ని, సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేవి ఎన్ని? దాదాపు ప్రతిసారీ తిండి లెక్కే ఎక్కువ ఉంటుంది. మిగిలినవాటిలో కూడా చాలావరకు కొత్త సరుకే, అంటే హోల్‌సేల్‌లో డబ్బాలకొద్దీ తెచ్చిపెట్టే ఫోను కవర్లు, ప్లాస్టిక్ బొమ్మలు, ఒకే అచ్చులో పోసిన చెవిదుద్దులు. ఎవరో వాడి, ఏళ్లతరబడి దాచి, ఇక అక్కర్లేదనుకుని వదిలేసిన వస్తువుల్ని తెచ్చి అమ్మే కొత్త మనిషి ఆ జాబితాలో ఒకరో ఇద్దరో కనిపిస్తే గొప్ప.

తిండి స్టాళ్లంటే నాకు ఇష్టమే. కడుపు ఖాళీగా ఉంటే ఎవరూ సంతలో ఎక్కువసేపు తిరగరు, కూర్చోవడానికి ఓ బల్ల, తాగడానికి ఏదో ఒకటి ఉంటే పిల్లలతో వచ్చినవాళ్లు కూడా నిదానంగా చూస్తారు, చూసేవాళ్లే కొంటారు. కాబట్టి తిండి వద్దు అనే వాదన కాదు ఇది. నేను చెప్పేది ఒకటే: తిండి స్టాల్‌ని చేర్చుకోవడం, పాత సామాన్లు అమ్మే కొత్తవాళ్లని చేర్చుకోవడం రెండూ ఒకే పని అనుకుని, ఒకే ఫారం, ఒకే అద్దె, ఒకే వెయిటింగ్ లిస్టు పెట్టేస్తే ఆ సంత కొన్నేళ్లలో తిండి సంత అయిపోతుంది. దానికి ఎవరి చెడు ఉద్దేశమూ అక్కర్లేదు, లెక్కలే ఆ పని చేసేస్తాయి.

ఆ లెక్క ఎలా నడుస్తుందో చూడండి. తిండి అమ్మేవాళ్లకి ఒక్కో ప్లేటుకి ఎంత ఖర్చవుతుందో, ఎంత మిగులుతుందో ముందే తెలుసు. ఒకే వస్తువుని ఒకే రోజు వందసార్లు అమ్మొచ్చు, సరుకు అయిపోతే మర్నాడు మళ్లీ దొరుకుతుంది. పాత గోడగడియారం తెచ్చినాయన దగ్గర ఉన్నది ఆ గడియారం ఒక్కటే. అది పోతే మళ్లీ అలాంటిది ఎక్కడో వెతకాలి, ఏ ఇల్లు ఖాళీ చేస్తున్నారో తెలుసుకోవాలి, మొత్తం గదిని బేరమాడి కొనాలి, అందులో సగం పారేయాలి, మిగిలినదాన్ని తుడిచి, స్ప్రింగు సరిచేసి, ముల్లు తిరుగుతుందని నమ్మకం కుదిరాక బల్ల మీద పెట్టాలి. మధ్యాహ్నం దాకా బోణీ కాకపోవచ్చు, సర్దుకునే వేళకి ఒక్క మనిషి వచ్చి ఒక్క బేరంతో ఆ రోజుని నిలబెట్టొచ్చు. రెండు నెలలు బాగుండి మూడో నెలంతా ఏమీ కదలకపోవచ్చు. అలాంటి వ్యాపారానికి అద్దె తక్కువగా ఉండటం అనేది దయతలచి ఇచ్చే తగ్గింపు కాదు, ఆ వ్యాపారం బతకడానికి ఉన్న ఒకే దారి అది.

ఇప్పుడు నిర్వాహకుల వైపు నుంచి చూద్దాం. ఒక తిండి స్టాల్ ముందు పొడుగాటి క్యూ ఉంది, పక్కన పాత పుస్తకాల బల్ల దగ్గర ఇద్దరు నిలబడి పేజీలు తిప్పుతున్నారు. ఫోటోలో క్యూ బాగా పడుతుంది. అద్దె కూడా తిండి స్టాల్ వాళ్లు టైముకి ఇస్తారు, వాన పడినా వస్తారు, ఎందుకంటే కొన్న ముడిసరుకు పాడైపోతుంది కాబట్టి రాక తప్పదు. పుస్తకాలాయన మబ్బు పట్టిందంటే రాడు, కాగితం తడిస్తే పోయినట్టే. అందుకని స్థలం ఖాళీ అయిన ప్రతిసారీ తిండి వాళ్లకే ఇవ్వబుద్ధవుతుంది. ఆ తర్వాత ఓ ఏడాదికి అందరి అద్దె పెంచాల్సి వస్తే, ఎంత పెంచాలన్నది తిండి వాళ్లు ఇవ్వగలిగినదాన్ని బట్టి తేలుతుంది. మొదట వెళ్లిపోయేది అందరికంటే చిన్న బల్ల ఉన్న మనిషి. ఆయన వెళ్లిపోయాడని ఎవరూ ప్రకటన వేయరు కదా, వచ్చినవాళ్ల పేర్లే వేస్తారు.

బ్రూక్లిన్ ఫ్లీ కథ ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చింది. 2008 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఫోర్ట్ గ్రీన్ పేటలో, ఒక హైస్కూలు ఆవరణలో జోనథన్ బట్లర్, ఎరిక్ డెంబీ కలిసి దాన్ని మొదలుపెట్టారు. పాత ఫర్నిచరు, పాత బట్టలు, చేత్తో చేసిన వస్తువులు, వాటితో పాటు కొన్ని తిండి స్టాళ్లు. ఆ తిండి స్టాళ్లకి ఎంత గిరాకీ వచ్చిందంటే 2011లో విలియమ్స్‌బర్గ్‌లో నది ఒడ్డున స్మోర్గస్‌బర్గ్ పేరుతో ఒట్టి తిండికే వేరే సంత పెట్టారు. ఇవాళ ఎక్కువమందికి తెలిసింది ఆ రెండోదే, అది లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లింది. కొందరు దీన్ని తిండి గెలిచిన కథగా చెబుతారు. నేను అలా చదవను. తిండికి తనదైన చోటు, తనదైన రోజు ఇచ్చేయడం వల్లే ఫ్లీ మార్కెట్‌కి మిగలాల్సింది మిగిలింది అంటాను. విడదీయకుండా ఒకే ఆవరణలో ఉంచి ఉంటే ఆ గిరాకీ ఏ వరసని తినేసేదో ఊహించడం కష్టం కాదు. ప్రతి పేటలోనూ ఇంకో మైదానం దొరకదు, నిజమే. కానీ నెలలో ఒక వారం తిండి మేళాకి వదిలి, మిగతా వారాల్లో తిండి స్టాళ్ల సంఖ్యకి గట్టిగా ఒక హద్దు పెట్టడం ఏ పేటలోనైనా చేయొచ్చు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది బలమైనదే. లండన్‌లోని పోర్టొబెల్లో రోడ్డులో ముందు ఉన్నది తిండి సరుకే. 19వ శతాబ్దంలో అది పళ్లు, కూరగాయల వీధి. పాత సామాన్ల వాళ్లు, పురాతన వస్తువుల వ్యాపారులు అక్కడ బాగా పెరిగింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. అంటే అక్కడ కొత్తగా వచ్చింది పాత సామాన్ల వాళ్లే! కాబట్టి ఎవరు సొంతవాళ్లు, ఎవరు పైనుంచి వచ్చినవాళ్లు అనేది ఎక్కడికక్కడ మారుతుందని, ఏ సంతకీ ఒకే ముఖం శాశ్వతం కాదని అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ వీధి మీద ఒకసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచినట్టు ఊహించుకోండి: ఒక కొసన పురాతన వస్తువులు, మధ్యలో పళ్లూ కూరగాయలూ, ఇంకా ముందుకెళ్తే వెస్ట్‌వే ఫ్లైఓవర్ కింద సెకండ్ హ్యాండ్ బట్టలు, సామాన్లు. ఎవరి జాగా వాళ్లది. అన్నీ ఒకే వీధిలో ఉన్నాయి కానీ ఒకదాన్నొకటి తోసుకోవడం లేదు. నేను అడుగుతున్నదీ అదే, కొత్తవాళ్లు రావద్దని కాదు, వచ్చినవాళ్లు ఎవరి చోటులో కూర్చుంటున్నారో చూడమని.

పారిస్ అంచున ఉన్న సాంత్-ఉవాన్ సంత ఇంకా లోతైన సంగతి చెబుతుంది. ప్రపంచంలో అందరికీ తెలిసిన ఫ్లీ మార్కెట్ అదే. దాని మూలంలో ఉన్నది రాత్రిళ్లు చెత్తకుప్పలు గాలించి, గుడ్డపేలికలు, ఇనుము, ఎముకలు, విరిగిన సామాన్లు ఏరుకుని అమ్ముకునే మనుషులు. 1883 చివర్లో పారిస్ పాలనాధికారి యూజీన్ పుబెల్ ప్రతి ఇంటి యజమానీ మూతలున్న చెత్తడబ్బాలు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు, దాంతో వీధిలో పోసిన చెత్త మీద ఆధారపడ్డ వాళ్ల బతుకు మీద దెబ్బ పడింది. నగరం లోపల చోటు తగ్గేకొద్దీ వాళ్లు గోడల బయటికి, సాంత్-ఉవాన్ వైపుకి చేరారు. ఆ సంత పుట్టిన సంవత్సరంగా 1885ని చెబుతారు. 1920లో వెర్నెజోన్ అనే మార్కెట్ వచ్చింది, ఆరుబయట పరుచుకునే చోట గదుల్లాంటి షాపులు వెలిశాయి. ఆ తర్వాత పురాతన వస్తువుల డీలర్లు, షట్టర్లు, గాజు అల్మారాలు. ఏరుకుని అమ్మేవాళ్లు పోలేదు, ఆ మార్కెట్ బయట పేవ్‌మెంట్ల మీద పరుచుకున్నారు, పోలీసులు తరిమితే మూట కట్టుకుని పక్క సందులోకి వెళ్లారు. చివరికి 2009లో పారిస్ వాళ్లు పోర్త్ మోమార్త్ర్ దగ్గర, ఆ సంతకి నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే, ఇలా అమ్ముకునేవాళ్ల కోసం 100 జాగాలు గుర్తించి ఇచ్చారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన విషయం ఇది. ఎవరివల్ల ఆ సంత పుట్టిందో వాళ్లకే ఆ సంత పక్కన మళ్లీ వేరేగా చోటు కేటాయించాల్సి వచ్చింది. అక్కడ వాళ్లని పక్కకి నెట్టింది తిండి స్టాళ్లు కావు, అదే పాత సామాన్ల వ్యాపారంలో డబ్బున్నవాళ్లు. అందుకే నేను అస్తమానం అద్దె దగ్గరికే వస్తాను. పక్కకి నెట్టేది ఎవరైనా నెట్టే పద్ధతి ఒకటే. కాపాడాల్సింది ఏ ఒక్క రకం సరుకునో కాదు, ఏమీ లేని మనిషి ఒక దుప్పటి పరిచి మొదలుపెట్టగలిగే ఆ చివరి జాగాని.

మరి కొత్త మనిషి ఎలా వస్తాడు? చాలా సంతల్లో జాగాలన్నీ సీనియారిటీ మీద నడుస్తాయి. ఎన్నేళ్లుగా వస్తున్నారో వాళ్లకి గేటు దగ్గర, నీడలో, మూలమలుపులో మంచి చోటు. కొత్తవాళ్లకి టాయిలెట్ల వెనక, ఎండలో, జనం తిరగని కొసలో. అది కొంతవరకు న్యాయమే, ఏళ్లతరబడి వానకీ ఎండకీ ఓర్చుకున్నవాళ్లకి ఆ మాత్రం హక్కు ఉండాలి. కానీ కొత్తవాళ్లకి మొదటి నాలుగైదు వారాలూ ఆ కొసే దక్కితే వాళ్లు అమ్మలేక మానేస్తారు, అప్పుడు "పాత సామాన్లు అమ్మేవాళ్లు దొరకడం లేదండీ" అని ఖాళీ చోటుని ఇంకో తిండి బండికి ఇచ్చేస్తారు. ఈ మాట నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ కోపం వస్తుంది. దొరక్కపోవడం కాదు, నిలవనివ్వకపోవడం.

బ్రిటన్‌లోని వీధి మార్కెట్లలో ఒక పాత పద్ధతి ఉంది, పర్మినెంటు జాగా లేనివాళ్లు పొద్దున్నే వచ్చి నిలబడతారు, ఆ రోజు రాని వ్యాపారి చోటుని వాళ్లకి ఒక్కరోజుకి ఇస్తారు. చిన్న ఏర్పాటే కానీ దానివల్ల కొత్త మనిషికి అప్పుడప్పుడూ మంచి చోటు కూడా దక్కుతుంది, ఎవరి హక్కూ పోదు. మాడ్రిడ్‌లోని ఎల్ రాస్ట్రో సంగతి వేరు. కరోనాతో మూతపడ్డ ఆ ఆదివారం సంతని 2020 నవంబరులో తెరిచినప్పుడు సగం స్టాళ్లు ఒక వారం, మిగతా సగం ఇంకో వారం అని వంతులు వేశారు. అది విపత్తు కోసం చేసిన ఏర్పాటు, వ్యాపారులకి వారం విడిచి వారమే ఆదాయం కాబట్టి నష్టమే. కానీ పెద్ద సంతలో కూడా వంతులు వేసి నడపడం సాధ్యమేనని అది చూపించింది. ప్రతి జాగాకీ కాకపోయినా, గేటు దగ్గరున్న ఓ నాలుగు జాగాల్ని కొత్తవాళ్ల కోసం వంతుల మీద తిప్పితే ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఇంకో దేశం ఇంకా ధైర్యం చేస్తుంది. నెదర్లాండ్స్‌లో ఏప్రిల్ 27న రాజుగారి పుట్టినరోజు నాడు మామూలు జనం ఎవరైనా, చిన్నపిల్లలతో సహా, వీధిలో పరుచుకుని పాత సామాన్లు అమ్ముకోవచ్చు, ఆ ఒక్కరోజుకి లైసెన్సు అడగరు. రోజూ అలా కుదరదని తెలుసు. పేట సంతలో ఏడాదికి ఒకటో రెండో రోజులు ఇలా తెరిచి ఉంచినా, అటకమీద సామాను ఉన్న మనుషులు, రేపు వ్యాపారులు కాగలిగినవాళ్లు, వాళ్లంతట వాళ్లే బయటికొస్తారు. అలా వచ్చినవాళ్లలో ఒకరిద్దరైనా నెలనెలా వస్తారని నా నమ్మకం, ఎందుకంటే మొదటి బేరంలో ఉండే ఆ ఉత్సాహం ఒకసారి తగిలితే వదలదు.

ఫోను కవర్ల లాంటి కొత్త సరుకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫారంలోనే "ఈ వస్తువు ఎక్కడిది?" అని అడిగి, వాడిన వస్తువు కానీ సొంతంగా చేసినది కానీ కాకపోతే వద్దనొచ్చు. అది బయట ఏ షాపులోనైనా దొరుకుతుంది.

తిండి స్టాళ్లు ఎక్కడ పెట్టాలన్నదాని మీద మాత్రం కొంచెం వివరంగా మాట్లాడాలి, ఇందులో చాలామంది పట్టించుకోని విషయాలున్నాయి. నూనెలో వేయించే పొయ్యి నుంచి లేచే ఆవిరి కంటికి కనిపించకపోయినా బట్టకీ కాగితానికీ పట్టేస్తుంది. పాత పట్టుచీర, ఉన్ని కోటు, వందేళ్ల నాటి పుస్తకం, ఇవి ఆ జిడ్డునీ వాసననీ పీల్చుకుంటే మళ్లీ పోవడం కష్టం. అమ్మేవాళ్లకి అది పాడైన సరుకే. కాబట్టి గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి, పొయ్యిల్ని గాలి దిగువన పెట్టాలి, బట్టలూ పుస్తకాలూ గాలికి ఎగువన ఉండాలి. అలాగే తిండిని గేటు దగ్గర పెడితే జనం అక్కడే తిని అటునుంచి అటే వెళ్లిపోతారు. లోపలి కొసన పెడితే అక్కడికి చేరడానికి అన్ని బల్లల మధ్య నుంచీ నడవాలి, నడిచేటప్పుడు కళ్లు ఊరికే ఉండవు. తిండి స్టాళ్ల వల్ల పాత సామాన్ల వాళ్లకి లాభం కలిగేది ఈ నడక వల్లే, ఆ నడక లేకపోతే పక్కన క్యూ ఎంత పొడుగున్నా వాళ్లకి ఒరిగేదేమీ లేదు. పైగా ఆ క్యూ పక్క బల్లకి అడ్డంగా నిలబడితే నష్టం కూడా. క్యూ ఎటు సాగాలో నేలమీద గీత గీయడం ఎంత పని?

భద్రత సంగతిలో కొత్త తిండి స్టాల్‌కి ఏ మినహాయింపూ ఉండకూడదంటాను, ఎంత చిన్నదైనా, ఎంత మంచివాళ్లైనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఐదు సూత్రాలు చెప్పింది: శుభ్రత, పచ్చిదీ వండినదీ వేరుగా ఉంచడం, పూర్తిగా ఉడకనివ్వడం, సరైన వేడిలోనో చల్లదనంలోనో నిలవ ఉంచడం, మంచి నీళ్లూ మంచి ముడిసరుకూ వాడటం. ఐదింటిలో సంతలో ఎక్కువగా తప్పేది నాలుగోది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్యలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, ఎండలో బల్లమీద మూత తీసి ఉంచిన గిన్నె సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. ఇక గ్యాస్. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుని పల్లంలో చేరుతుంది. గ్యాస్ సిలిండరు నిలువుగా కట్టి ఉండాలి, జనం నడిచే దారిలో ఉండకూడదు, పైపు కొత్తదై ఉండాలి, పక్కనే మంటలార్పే సిలిండరు ఉండాలి. 2014 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక ఫుడ్ ట్రక్కులో ప్రొపేన్ ట్యాంకు పేలి దాన్ని నడుపుతున్న తల్లీ కూతుళ్లు ఇద్దరూ చనిపోయారు. ఈ తనిఖీలన్నీ ఎవరో దూరపు కస్టమర్ కోసమే అనుకుంటాం, మొదట ప్రమాదంలో ఉండేది పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషే.

వాడేసిన నూనె, గిన్నెలు కడిగిన నీళ్లు, ప్లేట్లు, ఇవన్నీ ఎవరి బాధ్యతో ముందే రాసుకోవాలి. సంత అయ్యాక సాయంత్రం ఆ చెత్త ఎత్తేది చాలాసార్లు పక్క బల్ల వాళ్లే, తిండి అమ్మినవాళ్లు అప్పటికే సర్దుకుని వెళ్లిపోయి ఉంటారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ మధ్య మాటలు తెగేది సరిగ్గా ఇక్కడే.

ఇంకో చిక్కు ఉంది. ఇప్పటికే ఉన్న తిండి స్టాల్ వాళ్లు "మాలాంటిది ఇంకొకటి రానివ్వొద్దు" అంటారు. పాత రికార్డులమ్మే ఆయన కూడా ఇంకో రికార్డుల మనిషి వస్తే మొహం మాడ్చుకుంటాడు. ఈ రెండూ ఒకటి కాదు. పాత సామాన్లలో ఇద్దరు ఒకే రకం తెస్తే ఇద్దరికీ మంచిదే, ఎందుకంటే ఏ ఇద్దరి దగ్గరా ఒకే వస్తువు ఉండదు, రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లు ఒక బల్ల కోసం అంత దూరం రాకపోయినా మూడు బల్లలుంటే తప్పకుండా వస్తారు. తిండి దగ్గర అది నిజం కాదు, ఒక మనిషి మధ్యాహ్నం ఒక్కసారే తింటాడు, రెండో స్టాల్ వస్తే మొదటిదాని గిరాకీలోంచే పోతుంది. అందుకని తిండిలో మొత్తం సంఖ్యకి హద్దు ఉండాలి, కానీ ఆ హద్దు లోపల ఎవరికీ గుత్తాధికారం ఇవ్వకూడదు. ఏడాదికోసారి కొన్ని తిండి జాగాల్ని ఖాళీ చేసి కొత్తవాళ్లకి ఇవ్వాలి. ఇంట్లో వండటం తప్ప వ్యాపారం ఎరగని మనిషి, షాపు అద్దెకి తీసుకునే స్తోమత లేని మనిషి, తన చేతివంట బయటివాళ్లకి నచ్చుతుందో లేదో తెలుసుకోగలిగే చోటు ఇదొక్కటే. ఏళ్లతరబడి అదే పెద్ద బండి అక్కడ నిలబడి ఉంటే ఆ అవకాశం ఎవరికీ రాదు. ఆ బండి నడిపే వాళ్లకి ఈపాటికి సొంత షాపు పెట్టుకునే బలం వచ్చే ఉంటుంది.

అద్దె విషయంలో నేను అడిగేది ఇదీ. తిండి స్టాల్‌కి జాగా మీటరుకి ఇంత అన్న లెక్కన ఎక్కువ రేటు, మొదటి మూడు నెలలు మాత్రం సగం. పాత సామాన్ల బల్లకి తక్కువ రేటు, దుప్పటి పరుచుకునేవాళ్లకి ఇంకా తక్కువ. అమ్మకాల్లో వాటా అడిగే పద్ధతి తిండి వాళ్ల దగ్గర నడుస్తుంది, బిల్లులుంటాయి కాబట్టి. చేతిలో చిల్లరతో బేరాలాడే మనిషి దగ్గర నడవదు, అక్కడ వాటా అడిగితే అనుమానాలూ తగువులూ తప్ప ఏమీ మిగలవు. తిండి వాళ్లు ఎక్కువ ఇవ్వడం అన్యాయమని వాళ్లలో కొందరు అంటారు. వాళ్ల దగ్గరికి వచ్చే జనం ఎందుకు ఆ పేటకి వచ్చారో అడిగి చూడండి. భోజనానికి చోట్లు బోలెడున్నాయి. ఎక్కడా దొరకని ఒక తాళంచెవి, ఒక రేడియో నాబ్, ఎవరో అమ్మమ్మ వాడిన ఇత్తడి డబ్బా కోసం వాళ్లు వచ్చారు, వచ్చాక ఆకలేసింది.

కొత్త జాబితా వేసేటప్పుడు నిర్వాహకులు ఒక పని చేస్తే చాలా మారుతుంది: వచ్చినవాళ్ల పేర్లతో పాటు మానేసినవాళ్లు ఏం అమ్మేవాళ్లో, ఎందుకు మానేశారో కూడా ఆ కింద రాయాలి. పుస్తకాల బల్ల పోయిందా, పనిముట్లాయన పోయాడా, అద్దె వల్లా, చోటు వల్లా, పొగ వల్లా? ఆ ఖాళీల్లోకి ముందు అదే రకం సరుకు తెచ్చేవాళ్లని పిలవాలి, వాళ్ల కోసం ఓ నెల ఆగాలి, ఆ నెలంతా ఆ చోటు ఖాళీగా ఉన్నా సరే.